కట్టుబాటు తప్పిన కణము

మానవశరీరము ఆరంభమున ఒకే ఒక కణము. ఆ ఒక్కటి రెండై, రెండు నాలుగై, తుదకు సుమారు 30 లక్షల కోట్ల కణముల సంసారముగా విస్తరిల్లును. ఎర్ర రక్తకణములవంటి కొన్నింటిని మినహాయించినచో, ఈ కణములన్నింటి గర్భమునను ఇంచుమించుగా ఒకే గ్రంథము భద్రపరుపబడి యుండును. కంటిలోని కణము గోరును పుట్టించు విధానమును ఎరుగనిది కాదు. ఆ విధానము దాని గ్రంథమునందును లిఖింపబడియే యున్నది. అయినను అది ఆ పుటను తెరువదు. కాలేయములోని కణము కాలేయమునకు వలసిన అధ్యాయములనే పఠించును. చర్మములోని కణము చర్మమునకు చెందిన వానినే పఠించును. ఒకే గ్రంథమును కలిగియున్న ఇన్ని కణములలో ఏది ఏ పుటను తెరువవలెనో, దేనిని మూసియుంచవలెనో నిర్ణయించున దెవరు? ఇది మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న ఇంతకంటె పురాతనమైనది, భయంకరమైనది. కోట్లకొలది కణములు తమ హద్దులయందు ఒదిగియుండగా, ఏ ఒక్కటియో హద్దు మీరి, ఆగవలసినచోట ఆగక, చావవలసినవేళ చావక, ఇరుగుపొరుగు నాక్రమించి, కడకు తన్ను పోషించుచున్న దేహమునే కబళించు టెందులకు? ఈ రెండు ప్రశ్నలను చిరకాలము వేర్వేరు మనుష్యులు, వేర్వేరు భవనములలో విచారించుచు వచ్చిరి. మొదటిది సూక్ష్మజీవులను పెంచువారి వ్యాసంగము. రెండవది శస్త్రవైద్యులకు, రోగనిదానజ్ఞులకు నిత్యము ఎదురగు విషాదము. ఈ రెండును ఒకే ప్రశ్నకు రెండు ముఖములని 20వ శతాబ్ది ఉత్తరార్ధమున గాని తెలిసిరాలేదు. ఆ తెలివి కలుగుటలో యూరోపు, అమెరికా ప్రయోగశాలలకు ఎంత పాలు కలదో, కాశ్మీరపు రైతులకును, బొంబాయి మిల్లు కూలీలకును, శ్రీకాకుళపు పల్లెపడుచులకును అంత పాలు కలదు. వారు తమ దేహములనే సాక్ష్యముగా సమర్పించిరి.

ఈ వ్యాధిని ప్రాచీనులు ఎరుగుదురు. సుశ్రుతసంహితయందు అర్బుద మను పేర వర్ణింపబడిన గడ్డ గుండ్రనిది, కదలనిది, స్వల్పమైన నొప్పి గలది, లోతుగా వేరూనినది, మెల్లగా పెరుగునది, పక్వము కానిది. ఒక గడ్డపై మరియొక గడ్డ పుట్టుటను సైతము ఆ శాస్త్రకర్త గమనించెను. గ్రీకు వైద్యులు దీనిని ఎండ్రకాయతో పోల్చిరి. ఆ పోలికనుండియే కేన్సరను పేరును, హిందీ మరాఠీ భాషలలోని కర్కరోగ మను పేరును వచ్చినవి. తెలుగువారు దీనిని రాచపుండనిరి. పుండ్లలో ఇది రాజు, మందుమాకులకు లొంగనిది. పేర్లు వేరైనను నిదానమున తూర్పు పడమరలకు పెద్ద భేదము లేదు. ఇచ్చట వాత కఫముల దోషమనిరి. అచ్చట గాలెన్ అనుయాయులు నల్లపిత్తము గడ్డకట్టుట యనిరి. కారణము శరీరములోని ద్రవములయందున్న దని ఉభయులును విశ్వసించిరి.

ఈ విశ్వాసమును కదలించినవాడు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. 1858లో ఆయన ప్రకటించిన ఉపన్యాసముల సారాంశ మిది: ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టును, రోగ మనునది కణముల రోగమే. ఈ సూత్రమును కేన్సరునకు అన్వయించినపుడు ఒక విపరీతమైన సత్యము బయల్పడెను. రాచపుండు వెలుపలినుండి దండెత్తి వచ్చిన శత్రువు కాదు. అది ఆ దేహమునకు చెందిన కణముయొక్క సంతానమే. ఇంటివాడే ఇంటికి చిచ్చుపెట్టుచున్నాడు. అయితే ఇంటివాని బుద్ధి ఎందుకు చెడెను?

బుద్ధిని చెరచునది వెలుపలనే యున్నదని కొందరు అప్పటికే కనిపెట్టియుండిరి. లండను నగరమున పొగగొట్టములలో దూరి మసి తుడుచు బాలురకు, పెద్దవారైన పిమ్మట అండకోశపు చర్మముపై కేన్సరు పుట్టుట చూచి, దానికి మసియే కారణమని 1775లోనే పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు వ్రాసెను. భారతదేశమున ఇట్టి పరిశీలన మొట్టమొదట కాశ్మీరమున జరిగినది. అచ్చటి జనులు చలికాలమున కాంగడీ యను కుంపటిని, అల్లిన బుట్టలో నమర్చిన నిప్పులకుండను, పొడవైన అంగీ క్రింద పొట్టకు ఆనించి పట్టుకొందురు. ఏండ్ల తరబడి ఆ వేడిమి సోకిన పొట్టపైనను, తొడలపైనను చర్మపు కేన్సరు పుట్టును. దీనిని గూర్చి 1866లో ఎల్మ్‌స్లీ అను వైద్యుడు వ్రాసెను. 1923లో శ్రీనగరపు మిషను ఆసుపత్రి వైద్యుడు ఎర్నెస్టు నీవ్ ఈ విషయమును విశదముగా లోకమునకు తెలిపెను. ఇతర దేశములలో అరుదుగా కనబడు చోట, ఈ దేశమున ఈ వ్యాధి తరచుగా పుట్టుట యనునది ఆచారమే కారణమనుటకు బలమైన నిదర్శనము.

ఆచారమునకును వ్యాధికిని గల ఈ ముడిని శాస్త్రముగా మలచిన ఘనత వసంత రామ్‌జీ ఖానోల్కరుది. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో వెలసినపుడు అందలి రోగనిదాన శాఖను ఆయన తీర్చిదిద్దెను. ఆ ఆసుపత్రికి వరుసగా వచ్చిన వేయిమంది నోటి కేన్సరు రోగుల వృత్తాంతమును ఆయన 1944లో ప్రకటించెను. మరుసటి సంవత్సరము సూర్యాబాయితో కలిసి ప్రకటించిన వ్యాసమున భారతదేశపు ఆచారములవలన కలుగు మూడు క్రొత్తరకముల కేన్సరులను వర్ణించెను. నడుమునకు బిగించి కట్టిన ధోవతి యొరపిడివలన కలుగున దొకటి. క్రింది పెదవి లోపల సున్నముతో నలిపిన ఖైనీ నుంచుటవలన కలుగునది రెండవది. చుట్టనిప్పు నోటిలో నుంచుకొని కాల్చుటవలన అంగిట కలుగునది మూడవది. వ్యాధి పుట్టిన చోటే కారణమును వ్రేలు పెట్టి చూపుచుండెను.

ఈ మూడవది ఆంధ్రతీరమున, ముఖ్యముగా విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో, అడ్డపొగ యను పేర ప్రసిద్ధము. ఆ పల్లెలలో స్త్రీలు పనిపాటులు చేసికొనుచు, చుట్టను నిప్పున్న కొసను నోటిలో నుంచుకొని, పెదవులు మూసి, పొగ పీల్చుదురు. అంగిలి కేన్సరు ఇతరత్ర అరుదు, అచ్చట తరచు. విశాఖపట్నపు ఆంధ్ర వైద్యకళాశాలకు చెందిన డి. జి. రెడ్డి, వి. కె. రావు అను పరిశోధకులు 1957లో దీనిపై వ్యాసము ప్రకటించిరి. 1971లో డెన్మార్కు, బొంబాయి పరిశోధకులు కలిసి ప్రకటించిన సర్వేక్షణమున 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల అంగిళ్లు పరీక్షింపబడినవి. నిప్పు సోకిన అంగిటిపై తెల్లని పొరలు, ఎర్రని మచ్చలు, చిన్న చిన్న పుండ్లు ఏ క్రమమున కనబడునో ఆ పరిశీలకులు వివరించిరి.

ఇంత తెలిసినను అసలు ముడి విడలేదు. మసికిని పుండునకును నడుమ కణమునందు జరిగిన దేమి? నేడు పీల్చిన పొగ 20 ఏండ్ల తరువాత ఫలించు టెట్లు? జపానులో యమగివా, ఇచికావా అను శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులపై నెలల తరబడి తారు పూసి కేన్సరును పుట్టించి 1915లో చూపినపుడు వెలుపలి కారణము రుజువైనది. లోపలి కారణము మాత్రము చీకటిలోనే నిలిచినది.

ఆ లోపలి కారణమును ఊహించినవాడు జర్మను జీవశాస్త్రజ్ఞుడు థియొడోర్ బోవెరి. సముద్రపు ముళ్లకాయ యను ప్రాణియొక్క గ్రుడ్లలో క్రోమోసోముల పంపకము తారుమారైనపుడు పిండము వికృతమగుట ఆయన చూచియుండెను. 1914లో ప్రకటించిన చిన్న గ్రంథమున, కేన్సరు కణమునందును క్రోమోసోముల సమతౌల్యమే చెడియుండునని, విభజనను ప్రేరేపించు అంశములు కొన్నియు, నిరోధించు అంశములు కొన్నియు వానియందు ఉండవచ్చునని ఆయన సూచించెను. అప్పటికి మూడేండ్ల క్రిందటనే, 1911లో, న్యూయార్కునందు పేటన్ రూస్ ఒక కోడికి పుట్టిన కంతిని నూరి, కణము లేవియు మిగులకుండ వడగట్టి, ఆ ద్రవమును ఇతర కోళ్లకు ఎక్కించి వానియందును కంతులను పుట్టించెను. వడపోతలో నిలువనిది వైరసు. ఇట్లు మూడు పక్షము లేర్పడినవి. మసియే కారణమని ఒకరు, వైరసే యని మరియొకరు, క్రోమోసోములే యని వేరొకరు. ఒకరి మాట ఒకరికి పొసగలేదు. రూస్ మాటను లోకము ఎంత మెల్లగా నంగీకరించెనో చెప్పుటకు, ఆయనకు నోబెల్ బహుమానము 1966లో, అనగా 55 ఏండ్లకు, లభించె ననుటయే చాలును.

ఈ వాదము లిట్లుండగా, కేన్సరుతో ఏ సంబంధమును లేనట్లు తోచు ఒక చిన్న విషయమును గూర్చి పారిస్ నగరమున ఝాక్ మొనో ఆలోచించుచుండెను. నగరము జర్మనుల వశమైయున్న దినము లవి. ఆయన రహస్య ప్రతిఘటనోద్యమమున పనిచేయుచునే పరిశోధన సాగించెను. మనుష్యుల ప్రేగులలో నివసించు ఒక బాక్టీరియాకు ద్రాక్షచక్కెరను, పాలచక్కెరను కలిపి పెట్టినచో అది మొదట ద్రాక్షచక్కెరనే తినుచు పెరుగును. అది అయిపోయిన పిమ్మట కొంతసేపు పెరుగుట మానును. ఆపైన పాలచక్కెరను తినసాగును. ఆ విరామ మెందులకు? పాలచక్కెరను జీర్ణించుకొనుటకు వలసిన ఎంజైమును అది అప్పటికి గాని తయారుచేయదు. అవసరము లేనపుడు ఆ విద్యను మరుగుపరచి, అవసరమైనపుడు వెలికితీయుచున్నది.

యుద్ధానంతరము మొనో, ఫ్రాన్స్వా ఝాకోబ్ కలిసి పాస్చరు సంస్థలో ఈ మర్మమును ఛేదించిరి. 1961లో వారు ప్రకటించిన సిద్ధాంతమును పొలములో నీరు పెట్టు రైతు సులభముగా గ్రహింపగలడు. కణముయొక్క గ్రంథము డి.ఎన్.ఏ. అను పొడవైన దారము. అందలి ఒక్కొక్క పాఠము ఒక జన్యువు. దాని ననుసరించి ఒక్కొక్క మాంసకృత్తు తయారగును. ప్రతి జన్యువునకును ముందు ఒక తూము వంటి స్థలము కలదు. అచ్చట నిరోధక మను ఒక మాంసకృత్తు తలుపువలె అడ్డుపడి యుండును. తలుపు పడియున్నంతకాలము ఆ జన్యువు పఠింపబడదు. పాలచక్కెరనుండి పుట్టిన అణువు వచ్చి తగిలినపుడు తలుపు ఊడిపోవును, పాఠము సాగును. జన్యువులలో పని చేయునవియే కాక, పని చేయించునవియు, మాన్పించునవియు కలవని ఇట్లు తెలిసినది. ఆంద్రే లోఫ్‌తో పాటు వారిరువురికిని 1965లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఆ గ్రంథపు లిపిని చదువుటలో పంజాబునందలి రాయపూరు గ్రామమున 1922లో జన్మించిన హరగోవింద ఖొరానా ప్రముఖుడు. మూడేసి అక్షరములు కలిసి ఒక్కొక్క ఎమినో ఆమ్లమును సూచించు విధానమును నిర్ధారించినందులకు ఆయనకు మరి యిద్దరితో పాటు 1968లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఒక జన్యువును దాని ఆరంభమును, అంతమును నియమించు భాగములతో సహా రసాయనికముగా నిర్మించి, అది సజీవ బాక్టీరియాలో పనిచేయునని 1976లో నిరూపించెను. పాఠముతోపాటు తూమునుగూడ కట్టిననే గాని పొలము పండదని ఈ నిర్మాణము చాటెను.

మానవకణమునందు ఈ ఏర్పాటు మరింత జటిలము. ఒక్కొక్క కణములోని డి.ఎన్.ఏ. దారమును సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. మిల్లీమీటరులో నూరవవంతునకు మించని కేంద్రకమున దాని నిముడ్చుటకై, ఎనిమిదేసి హిస్టోనుల గుదికి 147 అక్షరముల మేర చొప్పున చుట్టలు చుట్టి యుంచిరా యన్నట్లు ప్రకృతి అమర్చినది. చుట్ట బిగిసినచోట జన్యువు మౌనము వహించును, సడలినచోట పలుకును. హిస్టోనులపై అంటించు రసాయనపు గుర్తులు కొన్ని సడలించునవి, కొన్ని బిగించునవి. డి.ఎన్.ఏ. అక్షరములకే మిథైల్ అను చిన్న గుర్తు తగిలించి జన్యువును ముద్రవేసి మూయుట మరియొక పద్ధతి. వీనికి తోడు దారముపై వ్రాలి ఇక్కడ ప్రారంభింపు మని ఆజ్ఞాపించు మాంసకృత్తులు వందలకొలది కలవు. మాంసకృత్తులను నిర్మించు జన్యువులు సుమారు 20,000. అవి ఆక్రమించు స్థలము మొత్తము గ్రంథమున నూటికి రెండు పాళ్లకు మించదు. తక్కిన దానిలో తూములు, లాకులు, కాలువగట్లు ఎన్నియో కలవు.

ఈ మూసివేత ఎంత గట్టిదో తెలియుటకు మూడురంగుల పిల్లి చాలును. ఆడుజీవులందు రెండేసి గల ఎక్స్ క్రోమోసోములలో ప్రతి కణమును ఒకదానిని మూసివేయునని 1961లో ఇంగ్లండునందు మేరీ లయన్ ప్రతిపాదించెను. ఒక కణము మూసినదానిని దాని సంతానమంతయు మూసియే యుంచును. పిల్లి ఒంటిపై నలుపు మచ్చలు, నారింజరంగు మచ్చలు వేర్వేరు తెగల కణములు వేర్వేరు తలుపులు మూసికొనుటవలన ఏర్పడినవి. అక్షరము మారకయే అలవాటు వంశపారంపర్యముగా సాగుట ఇందు ప్రత్యక్షము.

ఇక రెండు కథలును కలిసిన సందర్భము. 1976లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారి సహకారులు రూస్ వైరసులో కేన్సరును పుట్టించు జన్యువును పట్టుకొని, దాని పోలిక మరెక్కడ నున్నదో వెదకిరి. అది ఆరోగ్యవంతములైన కోళ్ల కణములయందే కనబడెను. ఇతర పక్షులలోను కనబడెను. వైరసు తెచ్చిన విషము కాదది. ఎన్నడో ఒక కోడికణమునుండి వైరసు దొంగిలించుకొనిపోయిన కోడి సొత్తే. కణము పెరుగుదలను నడపు సాధారణ జన్యువే, కట్టుబాటు తొలగినపుడు, కేన్సరు జన్యువైనది. విర్కో చెప్పిన ఇంటివాడును, బోవెరి ఊహించిన ప్రేరకమును, రూస్ చూపిన వైరసును ఒక్కచోట కలిసికొనిరి. 1989లో వారిరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

మానవుల మాట యేమి? 1982లో అమెరికాలోని పలు ప్రయోగశాలలు ఒకే సమయమున సమాధానము చెప్పినవి. మూత్రాశయపు కేన్సరు కణమునందలి రాస్ అను జన్యువున ఒకే ఒక అక్షరము మారుటవలన, ఆ మాంసకృత్తులో గ్లైసీను ఉండవలసిన 12వ స్థానమున వేలీను చేరెను. ఆ మాత్రపు మార్పుతో, ఆగుమన్నపుడు ఆగవలసిన మాంసకృత్తు ఆగుట మరచిపోయెను. ఈ విషయమును ప్రకటించిన వ్యాసములలో ఒకదానికి ప్రథమ రచయిత ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన పట్టము పొందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి.

రాస్ జన్యువున పాఠమే చెడెను. పాఠము చెడకయే ప్రమాదము రాగలదని అదే సంవత్సరము మరియొక వ్యాధి తెలిపెను. ఆఫ్రికాలోని ఉగాండాలో పిల్లల దవడలకు వచ్చు కంతిని 1958లో డెనిస్ బర్కిట్ వర్ణించియుండెను. ఆ కణములలో 8వ క్రోమోసోము ముక్క తెగి 14వ దానికి అతుకుకొనుచున్నది. ఆ ముక్కపై మిక్ అను జన్యువున్నది. కణవిభజనకు అది అవసరమే, కాని మితముగా. అది పోయి చేరినచోటు రోగనిరోధక కణమున నిరంతరము పనిచేయు జన్యువు పొరుగు. వంతులవారీగా నీరు అందవలసిన పొలమును, ఎన్నడును మూయని కాలువ ప్రక్కకు జరిపిన ట్లయినది. మిక్ జన్యువు నిర్మించు మాంసకృత్తు మారినందున కాదు, అది ఎడతెగక పఠింపబడుచున్నందున వ్యాధి కలిగినది. జన్యువుల నియమనమునకును కేన్సరునకును గల సంబంధము ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణము అరుదు.

ప్రేరకములతో పాటు నిరోధకములును ఉండవలె నని బోవెరి ఊహించెను గదా. కంటి లోపలి తెరలో పుట్టు రెటినోబ్లాస్టోమా యను శిశువుల కేన్సరును గూర్చి 48 మంది రోగుల వివరములతో ఆల్ఫ్రెడ్ నడ్సన్ 1971లో ఒక లెక్క వేసెను. వంశపారంపర్యముగా వచ్చు పిల్లలకు ఒక దెబ్బ చాలును. తక్కినవారికి రెండు దెబ్బలు కావలెను. అనగా ప్రతి కణమునకును ఒకే కళ్లెము జంటగా నుండును. రెండును తెగిననే గుఱ్ఱము పరుగెత్తును. ఆ కళ్లెమే ఆర్‌బి జన్యువు. దాని మాంసకృత్తు చేయు పని, విభజన జన్యువులను మేల్కొలుపు మరియొక మాంసకృత్తును పట్టియుంచుటయే.

కళ్లెములలో మేటి పి53. 1979లో దీనిని కనుగొన్నపుడు కేన్సరును ప్రోత్సహించునదిగా భ్రమించిరి. అది నిజమునకు నిరోధించునదని పదేండ్లకు గాని తేలలేదు. కణము గ్రంథమునకు గాయము తగిలినపుడు పి53 డి.ఎన్.ఏ.పై వ్రాలి, విభజనను నిలుపు జన్యువులను మేల్కొలుపును. గాయము మానదని తోచినచో కణమునకు మరణమునే విధించును. మానవుల కేన్సరులలో ఇంచుమించు సగమునందు ఈ జన్యువు చెడియున్నది. మసి బాలుర కథయు ఇచ్చటనే ముగియుచున్నది. తారులో, పొగాకు పొగలో నుండు బెంజోపైరీను అను పదార్థమును 1930లలో లండను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ఊపిరితిత్తుల కేన్సరులో పి53 జన్యువు ఏయే అక్షరములచోట తరచుగా చెడునో, ఈ పదార్థము ప్రత్యేకించి ఆయా అక్షరములకే అంటుకొనునని 1996లో తేలెను. పాట్ చూపిన మసి బోవెరి చెప్పిన క్రోమోసోముపై ఎచ్చట సంతకము చేసెనో ఇట్లు కనబడినది.

కాలవిలంబమునకును సమాధానము దొరకినది. ఒక్క దెబ్బతో కేన్సరు పుట్టదు. ఒక కణము కొంచెము లాభము పొందును. దాని సంతతిలో మరియొకటి మరికొంత పొందును. తరతరమునకు తెగింపు గలవి నిలుచును. కంతి పెరుగుట యనునది ఈ విధమైన పరిణామ మని పీటర్ నోవెల్ 1976లో ప్రతిపాదించెను. దెబ్బలన్నియు అక్షరములపైననే పడనక్కరలేదు. కేన్సరు కణములలో మిథైల్ గుర్తులు తారుమారైయుండు నని 1983లో అమెరికాలో ఫైన్‌బర్గ్, ఫోగెల్‌స్టైన్ చూపిరి. కొన్నిచోట్ల కళ్లెము తెగియుండదు. గుర్తులతో కప్పబడి మూగబోయి యుండును, అంతే. తెగినదానిని అతుకుట కష్టము. మూగబోయినదానిని పలికించుటకు వీలు కలదు. అట్టి గుర్తులను తొలగించు అజాసైటిడీను అను మందు ఒక విధమైన రక్తమజ్జా రోగమునకు 2004లో అమెరికాలో ఆమోదము పొందెను.

చికిత్స కథలోను ఈ దేశపు దారము కలదు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, మిల్లులలో పనిచేయు గర్భవతులకు వచ్చు తీవ్రమైన పాండురోగమును పరిశీలించి, ఈస్టు సారమున దానిని మాన్పు పదార్థ మొకటి కలదని 1931లో ప్రకటించెను. తరువాతి కాలమున అది ఫోలిక్ ఆమ్లమని తేలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థయందు నడపిన పరిశోధక బృందము దానిని కృత్రిమముగా తయారుచేసెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరుతో బాధపడు పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చి చూడగా వ్యాధి మందగించుటకు మారుగా వేగిరపడినట్లు కనబడెను. అట్లైన, దానికి ఎదురు పనిచేయు పదార్థము నిచ్చిన నేమగును? సుబ్బారావు బృందము తయారుచేసిన అమినోప్టెరీనుతో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడెనని 1948 జూనులో ఫార్బర్ ప్రకటించెను. కణము క్రొత్త డి.ఎన్.ఏ. వ్రాసికొనుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఈ మందు ఆ సిరాను ఎండగట్టినది. రెండు నెలలకే, ఆ ఆగస్టునందు, సుబ్బారావు మరణించెను. ఆ కోవకు చెందిన మెథొట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

ఆ మందు మంచి కణమును చెడ్డ కణమును ఒకే రీతిగా బాధించును. చెడిన మాంసకృత్తును మాత్రమే గురిపెట్టుట తరువాతి మెట్టు. 9వ, 22వ క్రోమోసోముల ముక్కలు తారుమారై పుట్టు ఒక రక్తకేన్సరునకు 2001లో వాడుకలోనికి వచ్చిన ఇమాటినిబు అట్టిది.

ఖానోల్కరు 1952లో బొంబాయిలో నెలకొల్పిన భారతీయ కేన్సరు పరిశోధన కేంద్రమే రూపాంతరములు పొంది, నేడు నవీముంబయిలో టాటా స్మారక కేంద్రపు పరిశోధన సంస్థగా నున్నది. ఆ సంస్థవారును, బెంగాలునందలి కల్యాణిలోని జాతీయ జీవవైద్య జన్యుసంహిత సంస్థవారును కలిసి, భారతీయులలో చిగుళ్లకును బుగ్గలకును వచ్చు కేన్సరుయొక్క జన్యుగ్రంథమును పఠించి 2013లో ఫలితములను వెల్లడించిరి. పి53, రాస్ కుటుంబపు జన్యువులు చెడియుండుట ఊహించినదే. అంతకు మున్ను ఈ వ్యాధిలో గుర్తింపబడని మరి యయిదింటిని వారు పేర్కొనిరి. వానిలో ఎమ్ఎల్ఎల్4, ఏఆర్ఐడి2 అను రెండింటి పని చిత్రమైనది. ఒకటి హిస్టోనులపై గుర్తులు వేయునది, మరియొకటి డి.ఎన్.ఏ. చుట్టలను సవరించు యంత్రమున భాగము. అనగా ఈ కేన్సరులో కొన్నిచోట్ల తెగినది ఒక పాఠము కాదు. ఏ పాఠము చదువవలెనో నిర్ణయించు అధికారమే. ఈ ప్రకరణము తొలిపుటలో నిలిచిన రెండు ప్రశ్నలకును సమాధానము ఒకే కణమున, ఒకే గాయమున కనబడినది.

ఇంత జ్ఞానమును సంపాదించిన పిమ్మట ఒక అపోహకు తావున్నది. వ్యాధి జన్యువులలోనే యున్నదన్నచో అది నుదుటివ్రాత వంటిదే కదా యని కొంద రందురు. చరిత్ర చెప్పున దందుకు విరుద్ధము. నోటి కేన్సరులో చెడిన జన్యువులలో అత్యధికములు తల్లిదండ్రులనుండి చెడి వచ్చినవి కావు. జీవితకాలమున, దినదినమును, ఒక అలవాటు చెరచినవి. ఎర్నాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులకు ఆరోగ్యబోధ చేసి చూచిన పరిశోధన ఫలితములు 1986లో వెలువడినవి. అలవాటును మానినవారిలోను, తగ్గించినవారిలోను కేన్సరునకు ముందు వచ్చు తెల్లని పొరలు తక్కువ యగుట కనబడెను. ఆ బోధకులు జన్యువును తాకలేదు. ఇంటింటికిని పోయి మాటలాడిరి. 2003లో భారతదేశము పొగాకు ప్రకటనలను నిషేధించుచు శాసనము చేసినది. అయినను నోటి కేన్సరు ఈ దేశపు పురుషులలో నేటికిని ప్రధానమైన కేన్సరులలో ఒకటిగానే యున్నది. తెలిసినదానికిని ఆచరించినదానికిని నడుమ నున్న ఎడమును ఏ సూక్ష్మదర్శినియు పూరింపజాలదు.

కణమునకు స్వేచ్ఛ లేక కాదు, స్వేచ్ఛకు కట్టుబాటు ఉండుటవలననే దేహము నిలిచియున్నది. ఆ కట్టుబాటు వేయి తూములుగా, వేయి తలుపులుగా అక్షరములమీద కావలి కాయుచున్నది. ఒక్కొక్క తలుపు ఎట్లు తెరుచుకొనునో నేర్చుటకు శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దులు పట్టెను. ఇంకను తెలియవలసినది మిక్కిలిగా కలదు. కాని ఒక్క తలుపును చుట్టనిప్పు తగులకుండ కాచుటకు అంత విద్య అక్కరలేదు; అది కాశ్మీరపు కుంపటిని చూచిన వైద్యునికే తెలియును.